జీతం ఒక చోట, పొదుపు అన్ని చోట్లా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాది 1988 పదో తరగతి బ్యాచ్. నాకు లెక్కల్లో ఎన్ని మార్కులు వచ్చేవో ముందు వరసలో కూర్చున్న మాస్టారికి బాగా గుర్తుంటుంది. అందుకే డబ్బు లెక్కల గురించి మాట్లాడమంటే కొంచెం జంకాను. కానీ మన వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య తరచుగా ఒకే ప్రశ్న వస్తోంది. "ఇండెక్స్ ఫండ్ మంచిదంటున్నారు. అందులోనూ నిఫ్టీ అంటారు, ఐటీ అంటారు, ఫార్మా అంటారు, బ్యాంకులంటారు. ఏది కొనాలి?" అడిగినవాళ్లలో రిటైరైన మన టీచరు గారు కూడా ఉన్నారు. నేను సలహాదారుణ్ణి కాను. ఫార్మా కంపెనీలో అకౌంట్స్ చూసేవాణ్ణి. తప్పు చేసి నేర్చుకున్నది మాత్రం చెప్పగలను.

ముందు ఇండెక్స్ అంటే ఏమిటో మన బడి భాషలో చెబుతాను. నిఫ్టీ 50 అంటే నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీలోని 50 పెద్ద కంపెనీల హాజరుపట్టీ. ఆ పట్టీని ఏడాదికి రెండుసార్లు సరిచూస్తారు. వెనకబడ్డవాళ్ల పేరు కొట్టేసి, ఎదిగినవాళ్ల పేరు రాస్తారు. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడినప్పుడు ఆ పేరు తీసేసి మరొకటి చేర్చారు. విడిగా సత్యం షేర్లు కొనుక్కున్నవాళ్లు ఎంత నష్టపోయారో మన తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. నిఫ్టీ ఫండ్‌లో ఉన్నవాడికి మాత్రం అది యాభైమందిలో ఒకడు ఫెయిలైనట్టు. దెబ్బ తగిలింది కానీ క్లాసు నడిచింది.

ఇది మొత్తం క్లాసు కథ. రంగాల వారీ ఫండ్ అంటే ఒక్క బెంచీ. నిఫ్టీ ఐటీ సూచీలో ఉండేవి పదే కంపెనీలు. అందులోనూ బరువంతా పైనున్న రెండు మూడింటి మీదే. ఆ బెంచీకి ఫస్టు మార్కులు రావచ్చు, బెంచీ మొత్తం తప్పనూవచ్చు. 2021లో నిఫ్టీ ఐటీ సూచీ దాదాపు 60 శాతం పెరిగింది. ఆ అంకె చూసి మరుసటి ఏడు చేరినవాళ్ల సంగతి? 2022లో అదే సూచీ పావు వంతుకు పైగా పడిపోయింది. నిఫ్టీ 50 ఆ ఏడాది 4 శాతం దాకా పెరిగే ముగిసింది. నిరుడు మిర్చికి మంచి ధర పలికిందని ఈ ఏడు ఊరంతా మిర్చే వేస్తే ఏమవుతుందో మన రైతులకు తెలుసు. షేర్ల దగ్గరికి వచ్చేసరికి చదువుకున్న మనం ఆ మాట మరిచిపోతాం.

ఇక నా సంగతి. 2015 మొదట్లో ఫార్మా షేర్లు ఊపు మీదున్నాయి. నేను ఆ రంగంలోనే ఉన్నాను. మా కంపెనీ ఎగుమతుల లెక్కలు నా చేతి మీదుగానే వెళ్లేవి. "ఈ రంగం నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?" అనుకున్నాను. మా అమ్మాయి ఇంజినీరింగ్ కోసం దాచిన డబ్బంతా ఫార్మా ఫండ్‌లో పెట్టాను. మా ఆవిడ అడిగింది, "మీ జీతం వచ్చేదీ మందుల మీదే, పొదుపూ మందుల మీదేనా?" అని. నవ్వి ఊరుకున్నాను.

తర్వాత ఏమైందో ఆ రంగంలో ఉన్నవాళ్లకు గుర్తే. అమెరికాలో జెనరిక్ మందుల ధరలు పడ్డాయి. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ తనిఖీల్లో మన ఫ్యాక్టరీలకు వరసగా హెచ్చరిక లేఖలు వచ్చాయి. 2016 నుంచి 2019 దాకా నాలుగేళ్లూ నిఫ్టీ ఫార్మా సూచీ తగ్గుతూనే పోయింది. ఆ నాలుగేళ్లలోనే నిఫ్టీ 50 దాదాపు 8,000 నుంచి 12,000 దాటింది. అప్పుడే మా కంపెనీలో ఇంక్రిమెంట్లు ఆగాయి. అంటే ఒకే కారణానికి నా జీతానికీ నా పొదుపుకూ కలిపి దెబ్బ తగిలింది. 2019లో అమ్మాయి ఫీజుకు నష్టానికే అమ్మాను, చాలకపోతే అప్పు చేశాను. మరుసటి ఏడు కరోనా వచ్చింది. ఒక్క 2020లోనే ఫార్మా సూచీ దాదాపు 60 శాతం పెరిగింది.

గమనించండి. రంగం గురించి నా అంచనా చివరికి నిజమే అయింది. కానీ ఫీజు కట్టే తేదీ నా అంచనా కోసం ఆగలేదు. రంగాల ఫండ్‌లో రెండుసార్లు సరిగ్గా ఉండాలి, ఎప్పుడు చేరాలో ఒకసారి, ఎప్పుడు బయటపడాలో ఇంకోసారి. మొత్తం మార్కెట్ ఫండ్‌లో ఓపిక ఒక్కటి చాలు.

అలాగని నిఫ్టీ ఫండ్ బ్యాంకు డిపాజిట్ కాదు. 2020లో రెండు నెలల్లోనే మూడో వంతుకు పైగా పడింది. 2008 జనవరి నుంచి 2009 మార్చి దాకా సెన్సెక్స్ సగానికి పైగా కరిగింది. అందులోనూ మూడో వంతు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలే. కాబట్టి ఐదేళ్లలోపు కావలసిన డబ్బు, రిటైరైన గురువుల నెల ఖర్చుల డబ్బు ఇందులో పెట్టకండి.

నేనిప్పుడు పాటిస్తున్న పద్ధతి ఇది. షేర్లలో పెట్టే డబ్బు ముందు నిఫ్టీ 50 లేదా నిఫ్టీ 500 లాంటి విశాలమైన సూచీలోనే. నిఫ్టీ, సెన్సెక్స్ రెండూ కొనను. అందులోనూ ఇందులోనూ ఉండేది దాదాపు అవే కంపెనీలు. ఖర్చు చూస్తాను. డైరెక్టుగా కొంటే నిఫ్టీ ఫండ్ ఏడాదికి నూటికి పావలా లోపే దొరుకుతుంది. ఏజెంటు ద్వారా కొనే కొన్ని ఫండ్లకు నూటికి రూపాయిన్నర పైన పోతుంది. ఇరవై ఏళ్లకు ఆ తేడా చిన్నది కాదు. మాటిమాటికీ ఫండ్ మారిస్తే పన్ను కూడా పడుతుంది. 2024 జులై 23 నుంచి ఏడాదిలోపు అమ్మితే లాభం మీద 20 శాతం. ఏడాది దాటితే, ఆర్థిక సంవత్సరంలో లక్షా పాతిక వేలకు మించిన లాభం మీద పన్నెండున్నర శాతం.

ఏదో ఒక రంగం మీద మనసు పడితే పదో వంతు మించకుండా పెట్టండి. పోయినా ఇంట్లో పొయ్యి ఆగకూడదు. మీరు పనిచేసే రంగం మాత్రం వద్దు. హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో సాఫ్ట్‌వేర్ చేస్తున్న మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇది మరీ మరీ చెబుతున్నాను. మీ జీతం, మీ కంపెనీ షేర్లు, ఇంటి లోను కిస్తీ ఇప్పటికే ఐటీ మీద ఆధారపడి ఉన్నాయి. మీ పొదుపునైనా దాని మీద ఆధారపడనివ్వకండి.

మా అమ్మాయి చదువు పూర్తయింది, ఉద్యోగంలో చేరింది. మొదటి జీతం రాగానే "నాన్నా, ఏ ఫండ్ కొనమంటావు?" అని అడిగింది. "మీ అమ్మని అడుగు" అన్నాను.