తుపాను వెలిసిన తరువాత

ఇంట్లో పిల్లలుంటే వారినీ రేడియో దగ్గరకు పిలవండి. వారికి నచ్చే కథతో మొదలుపెడతాను.

జపాను రచయిత కిమురా యూయిచి 1994లో పిల్లల కోసం రాసిన కథ ఇది. ఒక తుపాను రాత్రి మేక ఒకటి తడిసి ముద్దయి చిన్న గుడిసెలో తలదాచుకుంది. కాసేపటికి ఒక తోడేలు కుంటుకుంటూ అదే గుడిసెలోకి వచ్చింది. లోపల కటిక చీకటి. ఇద్దరికీ జలుబు, వాసన తెలియదు. అవతలివారు తన జాతివారేనని ఇద్దరూ అనుకున్నారు. కబుర్లు చెప్పుకుంటూ రాత్రి గడిపారు. రేపు మళ్లీ కలుద్దామనుకుని, ఆ తుపాను రాత్రినే గుర్తుమాటగా పెట్టుకుని విడిపోయారు.

మరునాడు పట్టపగలు కలుసుకున్నారు. నిజం తెలిసింది. అయినా స్నేహం విడువలేదు. ఇద్దరూ కొండెక్కుతుండగా తోడేలు తెచ్చుకున్న భోజనం లోయలో పడిపోయింది. ఆకలి మండుతోంది, ఎదురుగా మేక! తోడేలు తనను తాను బలవంతాన అదుపు చేసుకుంది.

గమనించారా? తోడేలుకు కోరలు ఊడలేదు, ఆకలి చావలేదు. చీకటిలో స్నేహం ఊరికే దొరికింది. వెలుగులో దానికి వెల కట్టవలసి వచ్చింది.

తుపాను షెల్టరులో ఒకే గంజి తాగినవారు నీళ్లు తీశాక మళ్లీ గట్టు తగాదాకు దిగడం మనం చూడలేదా? ఇతరుల సంగతెందుకు? ఇంటి గోడ విషయమై మా అన్నయ్యతో నేను మూడేళ్లు మాట్లాడలేదు. అమ్మకు జబ్బు చేసిన రాత్రి ఆసుపత్రి వరండాలో ఒకే బల్లమీద కూర్చుని టీ పంచుకున్నాం. అమ్మ కోలుకుంది. మేము మళ్లీ ముఖాలు తిప్పుకున్నాం! ఆ ఆదివారం ప్రభురాత్రి భోజనపు రొట్టె విరుస్తుంటే నా చెయ్యి వణికింది. ఆరాధన కాగానే అన్నయ్య ఇంటికి వెళ్లాను. గోడ తగవు ఆ రోజు తీరలేదు. కానీ వదిన అన్నం పెట్టింది, అన్నయ్య పక్కన కూర్చున్నాడు.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో అననీయను చూడండి. సౌలు ఎవరో, ఎందుకు దమస్కుకు వచ్చాడో అతనికి బాగా తెలుసు. భయపడ్డాడు కూడా. అయినా వెళ్లి, తలమీద చేతులుంచి, సహోదరుడని పిలిచాడు. తోడేలు గొఱ్ఱెపిల్లతో కలిసి ఉండే దినమును యెషయా 11వ అధ్యాయంలో చెప్పాడు. ఆ దినపు తొలి వెలుగు ఆ ఇంట్లో పడింది.

ప్రియులారా, దేవుడు మనలను చీకటిలో పొరపాటున ప్రేమించలేదు. మనము శత్రువులమై యుండగానే, మన కోరలు చూస్తూనే, తన కుమారుని మరణము ద్వారా మనలను సమాధానపరచుకున్నాడు. రోమా 5:10 చెప్పేది అదే. ఈ రోజు మీరు ఎవరి గుమ్మం తొక్కవలసి ఉంది?

ప్రార్థన చేద్దాం. ప్రభువా, మేము ఎవరినుండి ముఖం తిప్పుకున్నామో నీకు తెలుసు. సాయంత్రంలోగా వారి ఇంటికి మమ్మును నడిపించుము. ఆమేన్.