సింగపూరు విద్యార్థుల భోజనపంక్తి

ఈనాడు తెలుగునాటి పెక్కు గృహములనుండి పిల్లలు ఉన్నతవిద్యకై సింగపూరు వెళ్లుచున్నారు. ప్రయాణమునకు ముందు తల్లి కట్టి యిచ్చు మూటలో ఆవకాయయు, కందిపొడియు తప్పక యుండును. అవి ఉండవలసినవే. కాని ఆ జాడీనే నమ్ముకొని, చదువు ముగియువఱకు గదిలో ఒంటరిగా భుజించిన విద్యార్థి సగము చదువు అచ్చటనే విడిచి వచ్చినవాడని మేము భావింతుము. ఆ సగము అచ్చటి విశ్వవిద్యాలయపు భోజనశాలలో లభించును.

సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయము 1905లో వెలసిన ఒక వైద్యపాఠశాలను తన మూలముగా చెప్పుకొనును. నేడు అది కెంట్ రిడ్జ్ అను గుట్టమీద నున్నది. దాని భోజనశాలలు మన హాస్టలు మెస్సులవంటివి కావు. విశాలమైన చావడి, దాని అంచున వరుసగా చిన్న అంగళ్లు, ఒక్కొక్క అంగడిలో ఒక్కొక్క జాతివారి వంట. నడుమనున్న బల్లలు మాత్రము అందఱివి.

ఈ వంటలు రాజుల పాకశాలలలో పుట్టినవి కావు; వీథిలో పెరిగినవి. 1819లో ఆంగ్లేయులు సింగపూరున వర్తకస్థానమును నెలకొల్పిన పిమ్మట దక్షిణ చైనానుండియు, మలయు దీవులనుండియు, మన దక్షిణదేశమునుండియు శ్రమజీవులు ఓడలపై వచ్చి చేరిరి. పలువురు కుటుంబములను స్వదేశముననే విడిచి వచ్చిన పురుషులు. ఇఱుకు గదులలో వారికి పొయ్యి పెట్టుకొను చోటైనను లేదు. వారి ఆకలి తీర్చుటకు అమ్మకగాండ్రు కావడి మోసికొని, బండి నెట్టుకొని వీథులలో తిరిగిరి. 1968, 69 సంవత్సరములలో ప్రభుత్వము వారిని నమోదు చేసి, 1971 మొదలు 1986 వఱకు క్రమముగా నీటికొళాయి, మురుగుకాలువ, పైకప్పు గల కేంద్రములలోనికి చేర్చెను. పొయ్యి వీథిని విడిచినది. వంట మాత్రము నిలిచినది. 2020లో యునెస్కో సంస్థ ఈ సంప్రదాయమును మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చినది. విశ్వవిద్యాలయపు భోజనశాల ఆ కేంద్రములకు తమ్మునివంటిది.

క్రొత్తగా వెళ్లినవాడు పరిచయమైన రుచితో మొదలుపెట్టుట మేలు. రోటీ ప్రాటా అనునది మన పరోటాకు తోబుట్టువు. దక్షిణ భారతీయులు కొనిపోయినదే. పిండిముద్దను గాలిలో విసరి పలుచన చేసి, మడిచి, పెనముపై కాల్చి పులుసుతో వడ్డింతురు. మన దోసె అచ్చట తోసై. ఇడియప్పము పుట్టు మాయం అను పేరుతో కొబ్బరి, చక్కెరలతో దొరకును.

పిమ్మట పొరుగువారి వంటలు. నాసి లెమాక్ మలయువారిది: కొబ్బరిపాలలో వండిన అన్నము, వేరుసెనగ గుండ్లు, దోసకాయ ముక్కలు, వేయించిన చిన్న చేపలు, సంబాల్ అను మిరప పచ్చడి. లక్సా అనగా కొబ్బరిపాల కారపు పులుసులో వేసిన బియ్యపు సేమ్యా. చైనాలోని హైనాన్ దీవినుండి వచ్చినవారు కోడిని ఉడికించి, ఆ రసముతోనే అన్నము వండి, అల్లము, మిరప పచ్చళ్లతో వడ్డింతురు. సాతే అనగా పుల్లలకు గ్రుచ్చి నిప్పులపై కాల్చిన మాంసము. దానికి తోడు వేరుసెనగ పచ్చడి.

శాకాహారులు ఒక విషయమును గుర్తుంచుకొనవలెను. పైకి మాంసము కనబడకపోయినను, సంబాలులోను, లక్సాలోను తఱచుగా రొయ్యల ముద్ద కలియును. కావున ముందుగా అడుగవలెను. అడుగుట అమర్యాద కాదు. బౌద్ధ సంప్రదాయపు శాకాహారపు అంగళ్లు సింగపూరున కలవు. ముస్లిములకు హలాల్ అంగళ్లు వేఱుగా నుండును. పళ్లెములు వేఱైనను అందఱును ఒకే బల్ల చుట్టు కూర్చుందురు. ఒకరి నియమమును మఱియొకరు ప్రశ్నింపక గౌరవించుట అచ్చట నిత్యపాఠము.

కాఫీకిని ఒక పరిభాష కలదు. కోపి అనిన తీపి గట్టిపాలు కలిపిన కాఫీ. కోపి ఓ అనిన పాలు లేక చక్కెర మాత్రమే కలిపినది. కోసోంగ్ అను మలయు పదమునకు శూన్యమని అర్థము. దానిని చేర్చినచో చక్కెర వేయరు. బల్లమీద చేతితుడుపు కాగితముల పొట్లమున్నచో ఆ చోటు మఱియొకరిదని గ్రహింపవలెను. తిన్న పళ్లెమును తానే యథాస్థానమునకు చేర్చవలెను. బయటి కేంద్రములలో 2021 నుండి ఇది చట్టవిధి.

ఇంత చెప్పుటకు కారణమొకటి కలదు. ఈ వంటగాండ్ర సగటు వయస్సు నేడు అఱువది యేండ్ల దాపున నున్నది. తెల్లవాఱక మునుపే పొయ్యి వెలిగించి, వేడికోర్చి, వారిలో పెక్కురు పిల్లలను చదివించిరి. చదివిన పిల్లలు కార్యాలయములలో చేరిరి. పొయ్యి యొద్దకు తిరిగి రాకుండుట సహజమే. వారిని తప్పుపట్టలేము. కాని ఏ వంట ఆ చదువునకు పెట్టుబడియైనదో ఆ వంట చేయువారే తగ్గిపోవుచున్నారు. కావున ఆ రుచిని ఉన్నప్పుడే ఎఱుగుట మంచిది.

సింగపూరు వెళ్లు మీ పిల్లలకు మీరొక మాట చెప్పుడు. మొదటి ఆదివారమున జాడీ మూత తీయవలదు. తరగతిలో ప్రక్కన కూర్చున్నవానిని పిలిచికొని భోజనశాలకు పోవలెను. అతని యింటి వంట ఏదో అడిగి తెలిసికొని, తమ నియమమునకు ఒదిగినచో రుచి చూడవలెను. మఱుసటి ఆదివారమున అతనిని గదికి పిలిచి ఆవకాయ అన్నము పెట్టవలెను. ఇంటిమీది బెంగకు ఇంతకన్న సులభమైన మందు మాకు తెలియదు.