బాణం గుర్తు ఎటు చూస్తోంది?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి నాకన్న బాగా మాట్లాడగలవారు వేదిక మీదనే ఉన్నారు. నాకిచ్చిన పది నిమిషాలలో నేనొక చిన్న వస్తువు గురించి చెబుతాను. మనలో చాలామందికి పాత స్కూటరో, మోటారు సైకిలో, చిన్న కారో ఉంది. వాటిలో పెట్రోలును వడగట్టే ఫిల్టరొకటి, గాలిని వడగట్టేది మరొకటి ఉంటాయి. వీటిని తిరగేసి బిగించటం నేను చాలాచోట్ల చూశాను.

మన సభ్యులొకరి పాత మోటారు సైకిలు సంగతి చెబుతాను. బయలుదేరినప్పుడు బాగానే ఉండేది. రెండు మూడు కిలోమీటర్లు పోయాక ఆగిపోయేది. పది నిమిషాలు ఊరుకుంటే మళ్ళీ స్టార్టయ్యేది. ప్లగ్గు మార్చారు, కార్బురేటరు విప్పి కడిగారు, గుణం లేదు. ఒకనాడు సరిగ్గా రైల్వే గేటు దాటుతుండగా ఆగింది. వెనక కూర్చున్న ఆయన శ్రీమతి దిగి తోయవలసి వచ్చింది. ఇద్దరికీ డెబ్బై దాటాయి. తరువాత చూస్తే పెట్రోలు ఫిల్టరు మీది బాణం ఇంజనుకు బదులు ట్యాంకు వైపు చూస్తోంది!

ఎటు పెడితేనేం, పెట్రోలు పోతోంది కదా అనుకుంటారు. పోతుంది, కొన్నాళ్ళే. ఆ ప్లాస్టిక్ డబ్బీలో మడతలు పెట్టిన కాగితం గుండ్రంగా ఉంటుంది. పెట్రోలు కాగితం బయటి నుంచి లోపలికి రావాలి. బయట జాగా ఎక్కువ, మురికి అక్కడ నిలుస్తుంది. తిరగేస్తే మురికంతా లోపలి ఇరుకులో చేరి త్వరగా మూసుకుపోతుంది. పైగా చాలావాటిలో కాగితానికి ఆధారం లోపలి వైపే ఉంటుంది. ఎదురు ఒత్తిడికి మడతలు విచ్చుకోవచ్చు, చిరగవచ్చు కూడా. ఇన్‌వార్డులో ఎక్కవలసిన తపాలు ఔట్‌వార్డు గుమాస్తా నుంచి వెనక్కి నడిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

కనుక బాణం ఎప్పుడూ ట్యాంకు నుంచి ఇంజను వైపు చూడాలి. కొన్నిటి మీద బాణానికి బదులు ఇన్, ఔట్ అని ఉంటుంది. డబ్బీ సగమే నిండినట్లు కనబడితే కంగారు పడకండి. పంపు లేని పాత బళ్ళలో అది మామూలే, బండి బాగా నడుస్తుంటే చాలు. ఫిల్టరు మార్చేటప్పుడు ఇంజను చల్లారాలి, పెట్రోలు ట్యాపు కట్టెయ్యాలి, దరిదాపుల్లో సిగరెట్టు ఉండరాదు. గట్టిపడి పగుళ్ళిచ్చిన రబ్బరు గొట్టం కూడా అప్పుడే మార్పించండి. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 నిబంధనలు వచ్చాక అమ్మిన బళ్ళలో చాలావాటికి కార్బురేటరే లేదు. వాటి గొట్టంలో పెట్రోలు ఒత్తిడి మీద ఉంటుంది. ఇంట్లో విప్పవద్దు.

ఇక గాలి సంగతి. ఒక లీటరు పెట్రోలు మండటానికి సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. మన రోడ్ల మీది దుమ్ముతో సహా అంత గాలి ఆ కాగితంలోంచే పోవాలి. రబ్బరు అంచు సరిగా కూర్చోకపోతే దుమ్ము పక్క నుంచి దూరి సిలిండరు గోడలను గీకేస్తుంది. తరువాత నూనె తాగటం, పొగ, రీబోరింగు ఖర్చు. పాత ఫిల్టరును దులిపి తిరగేసి పెడితే పట్టిన మురికి ఇంజనులోకే పోతుంది. పొడి కాగితం రకాన్ని గాలితో ఊదేటప్పుడు శుభ్రంగా ఉన్న వైపు నుంచి మురికి వైపుకు ఊదాలి. నూనె పట్టించిన కాగితం రకాన్ని ఊదకూడదు, మార్చవలసిందే.

కారులో ఏ.సి. గాలికి వేరే ఫిల్టరుంది. చాలా కార్లలో ఎడమవైపు సొరుగు వెనక ఉంటుంది. అక్కడే ఎక్కువ పొరపాట్లు. దాని మీది బాణం గాలి పోయే దిక్కును చూపుతుంది. అది పైకుండవలసిన ముఖమనుకుని కొందరు పెడతారు. చాలా కార్లలో గాలి పై నుంచి కిందికి దిగుతుంది గనుక బాణమూ కిందికే చూడాలి. కొన్నిటిలో గాలి అడ్డంగా పోతుంది. సందేహముంటే పాతది తీసేటప్పుడు ఏ ముఖం ఎటుందో గుర్తు పెట్టుకోండి. ఆకులు, దుమ్ము పేరుకున్న వైపు గాలి వచ్చే వైపు. పాత ఫిల్టరును ఎవరో తిరగేసి పెట్టి ఉండవచ్చు, అందుచేత దాని బాణాన్ని నమ్మకండి, మురికిని నమ్మండి. ఆయాసం, ఉబ్బసం ఉన్నవారికి ఈ ఫిల్టరు ముఖ్యం.

మెకానిక్కు షాపులో మనకు స్టూలు వేసి పేపరిస్తారు. మూత బిగించే ముందు ఆ పేపరు పక్కన పెట్టి లేచి వెళ్ళి, “బాబూ, బాణం ఎటుంది?” అని అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు. అనుకుంటే అనుకోనివ్వండి, బండి తోయవలసింది మనమే.

బయట నా స్కూటరు పెట్టెలో పాత ఫిల్టర్లు రెండున్నాయి, ఒకటి కోసి ఉంచాను. టీ సమయంలో చూడదలచినవారు రావచ్చును. సెలవు.