ఫ్లోరైడు: మిత్రమా, శత్రువా?
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఫ్లోరైడు అను మాట వినినంతనే తెలుగువారికి నల్లగొండ జిల్లా స్ఫురించును. గారపట్టిన పండ్లు, వంగిన నడుములు కన్నులయెదుట నిలుచును. అట్టి పదార్థము దంతరక్షకమని వైద్యులు చెప్పుట వింతగా తోచవచ్చును. కాని రెండును సత్యములే. భేదమంతయు మోతాదులో ఉన్నది.

1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్సునకు వచ్చిన దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే అచ్చటివారి పండ్లపై గోధుమవర్ణపు మచ్చలను గమనించెను. ఆ మచ్చల పండ్లు సులభముగా పుచ్చకుండుట ఆయనకు ఆశ్చర్యము గొలిపెను. 1931లో చర్చిల్ అను రసాయనవేత్త అట్టి మచ్చలు గల ఊళ్ల నీటిలో ఫ్లోరైడు అధికముగా ఉన్నదని కనుగొనెను. పిమ్మట ట్రెండ్లీ డీన్ అను దంతవైద్యుడు, లీటరు నీటిలో సుమారు 1 మిల్లీగ్రామున్నచో మచ్చలు స్వల్పమనియు, రక్షణ అధికమనియు తేల్చెను. 1945లో గ్రాండ్ రాపిడ్స్ నగరము ప్రపంచమున మొదటిసారిగా ఆ మేరకు నీటిలో ఫ్లోరైడు కలిపెను. అచ్చటి పిల్లలలో పిప్పిపండ్లు సగమునకు పైగా తగ్గినవి.

దీని కారణము సులభము. మనము తిన్న తీపిని నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లముగా మార్చును. ఆమ్లము పంటి పింగాణీపొరలోని ఖనిజమును కరగించును. లాలాజలము ఆ నష్టమును కొంత పూడ్చును. ఫ్లోరైడున్నచో ఆ పూడిక త్వరితమగును. అట్లు కుదిరిన పొర ఆమ్లమునకు తేలికగా లొంగదు. కనుక కడుపులోనికి పోయినదానికంటె పంటికి తగిలినదే ఎక్కువ మేలు చేయును.

మోతాదు మించినచో ఏమగునో తెలుగునేల ఎరుగును. అప్పటి మదరాసు రాష్ట్రమునకు చెందిన నెల్లూరు జిల్లాలో ఎముకలను బిగదీయు ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లోనే వైద్యులు వర్ణించిరి. పటిక, సున్నములతో నీటినుండి ఫ్లోరైడును తగ్గించు పద్ధతికి నల్లగొండ పేరే నిలిచినది. అమెరికాలో కలుపవలసివచ్చినది, ఇచ్చట తీసివేయవలసివచ్చినది.

కావున గృహస్థులు రెండు జాగ్రత్తలు పాటింపవలెను. ఫ్లోరైడు గల పేస్టును మూడేండ్లలోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆరేండ్లవరకు బఠాణీగింజంత మాత్రమే వేసి, మ్రింగక ఉమ్మునట్లు పెద్దలు దగ్గరనుండి చూడవలెను. రాత్రి నిద్రకు ముందు పండ్లు తోమించుట మరువరాదు.

రెండవది స్వగ్రామపు నీరు. నీటిని కాచినంతమాత్రమున ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది చిక్కబడును. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించిన నీరు త్రాగదగదు. దూరదేశమున కొలువుచేయువారు సెలవులకు ఇంటికి పోయినప్పుడు, తల్లిదండ్రులు త్రాగు బోరునీటిని ఒక్కసారి పరీక్ష చేయించుట వారు పంపు సొమ్ముకంటె తక్కువ సేవ కాదు.