తొంభై ఏడో వంతు

స్నాతకోత్సవ సభల్లో జీవితం గురించి చెప్పడం ఆనవాయితీ. నాకు కాస్తో కూస్తో తెలిసింది భాగహారం కనక దాని గురించే మాట్లాడతాను.

1ని 7తో భాగించండి. శేషాలు వరసగా 3, 2, 6, 4, 5, 1 వస్తాయి. సున్నా రానంతవరకు మిగలగలిగినవి ఆ ఆరే. అవి అయిపోయాక పాత శేషం మళ్ళీ రాక తప్పదు, దాని వెంట పాత అంకెలూ వస్తాయి: 0.142857 142857... హారం ఏదైనా ఇంతే. అంతమైనా కావాలి, ఆవర్తనమైనా కావాలి. తిరగేసి చూసినా నిజమే. ఈ దశాంశాన్ని పది లక్షలతో గుణించి, అందులోంచి అసలు దాన్ని తీసేస్తే తోక మొత్తం కొట్టుకుపోయి 142857 మిగులుతుంది. దాన్ని 999999తో భాగిస్తే మళ్ళీ ఏడో వంతే. అందుకని అంతమయ్యేవి, ఆవర్తించేవి అకరణీయాలు, మిగిలినవన్నీ కరణీయాలు. ఇదంతా తొమ్మిదో తరగతి పాఠం. పై (π) విలువ 22/7 కనక పై అకరణీయమే అని రాసి మార్కు పోగొట్టుకున్నవాళ్ళు ఈ హాల్లోనూ ఉండే ఉంటారు.

పాఠం చెప్పకుండా వదిలేసిన సంగతి ఒకటుంది. ఈ నియమం నూటికి నూరుపాళ్ళు నిజం, కానీ అంకెలు చూసి సంఖ్యను గుర్తుపట్టడానికి మాత్రం పనికిరాదు. 1/97 తీసుకోండి. 96 అంకెలు గడిస్తే గానీ మొదటికి రాదు. తొంభై అంకెలు అచ్చువేసి చూపిస్తే ఇందులో వరసా వావీ లేదంటాం. 1/983కి అయితే 982 అంకెలు కావాలి. ఇక ఇ (e) అనే సంఖ్య సంగతి చూడండి: 2.718281828. పది అంకెల కాలిక్యులేటర్ అక్కడితో ఆగిపోతుంది. 1828 రెండుసార్లు కనిపించింది కదా, ఆవర్తనమే అనుకుంటే 271801/99990 అనే భిన్నం కూడా చేతికొస్తుంది. పదకొండో అంకె నుంచి ఆ ఆశ వమ్ము. ఇ కరణీయమని ఆయిలర్ 1737లోనే చూపించారు, అంకెలు లెక్కపెట్టి కాదు.

కలకత్తాలో చదివిన మీకు దీని మర్మం ఎక్కువ తెలియాలి. విశాఖలో గణితం చదివి 1941లో కలకత్తా చేరిన సి.ఆర్.రావు, నాలుగేళ్ళ తరవాత ఇక్కడి గణిత సంఘం బులెటిన్‌లో వ్యాసం రాశారు. నమూనా చేతిలో ఉంటే అంచనాలో పొరపాటు ఎంతవరకు తగ్గించగలమో, ఏ హద్దు దాటి తగ్గించలేమో అందులో తేల్చారు. అక్కడ నమూనా కొంతైనా చెబుతుంది. మన అంకెల దగ్గర అసలు నోరు విప్పదు. కోటి అంకెలు ఇవ్వండి, సరిగ్గా ఆ కోటితోనే మొదలయ్యే అకరణీయాలు అనంతం, కరణీయాలూ అనంతం.

అదే దశకంలో ఇంకో దక్షిణాది గణితజ్ఞుడు ఎస్.ఎస్.పిళ్ళై కలకత్తా విశ్వవిద్యాలయానికి వచ్చారు. అంతకు కొద్దిగా ముందు ఆయన రాసినవి ప్రతి అంకెకూ, ఒకే పొడవున్న ప్రతి అంకెల గుంపుకూ సమానవాటా దక్కే సంఖ్యల గురించి. ఆ నిర్వచనాన్నే ఆయన సులువు చేశారు. చాంపర్‌నోన్ 1933లో చూపిన 0.123456789101112... అలాంటిదే. పసిపిల్లాడు కూడా తరవాతి అంకె చెప్పగలడు, అయినా అది ఆవర్తించదు. ఎందుకంటే 1 పక్కన ఎన్ని సున్నాలున్న సంఖ్యయినా అందులో ఎక్కడో వస్తుంది. ఆవర్తనమే ఉంటే, దాని పొడవును మించిన సున్నాల వరస తగిలిన చోటి నుంచి చివరిదాకా సున్నాలే ఉండాలి. క్రమం ఉండడం వేరు, ఆవర్తనం వేరు. ఈ తేడా పట్టుకోడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు. పిళ్ళై 1950 ఆగస్టు 31న, అమెరికా వెళ్తూ, కైరో దగ్గర విమాన ప్రమాదంలో పోయారు. సమానవాటా ప్రశ్న మాత్రం మిగిలే ఉంది: రెండు వర్గమూలం (√2) అంకెలకు అది ఉందో లేదో ఈనాటికీ ఎవరూ నిరూపించలేదు. అది కరణీయమని చూపడానికి మాత్రం ఐదు వాక్యాలు, సరిబేసి తెలివి చాలు. ఒక్క దశాంశ స్థానం కూడా అక్కర్లేదు.

చివరగా ఆయిలర్ పేరుమీదే ఉన్న గామా అనే స్థిరాంకం, 0.5772... దీని అంకెలు వేల కోట్లు లెక్కించారు. అది భిన్నమే అయితే దాని హారం రాయడానికి రెండు లక్షలకు పైగా అంకెలు కావాలని కూడా నిరూపించారు. అంత పెద్ద హారానికి అంకెలు మళ్ళీ మొదటికి రావడానికి ఎంత దూరం పట్టవచ్చో ఊహించండి. మన కంప్యూటర్లన్నీ కలిసి రాసినా అక్కడికి చేరకపోవచ్చు. అకరణీయమా, కరణీయమా? ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. తేల్చేవాళ్ళు అంకెల వైపు నుంచి రారని మాత్రం నా నమ్మకం.