ఉక్కు నగరాన్ని ముందే చూసిన కవి



భిలాయిలో రష్యాను పరిచయం చెయ్యాల్సిన పని లేదు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మూటాముల్లె సర్దుకుని ఇక్కడికి వచ్చినవాళ్ల మనవలు, మనవరాళ్లు ఇవాళ పట్టాలు అందుకున్న మీలో ఎందరో. అందుకే తెలుగులో మాట్లాడుతున్నాను. ఆ దేశం నుంచి మనకు యంత్రాలొచ్చాయి, ఇంజనీర్లొచ్చారు. కవి కూడా వచ్చాడు. వ్లదీమిర్ మయకోవ్‌స్కీ. మన ఇళ్లలోకి ఆ పేరు ఎక్కువగా శ్రీశ్రీ పేరు పక్కనే నడిచొచ్చింది.

మయకోవ్‌స్కీ 1893లో జార్జియాలోని బాగ్దాది అనే ఊళ్లో అటవీశాఖ ఉద్యోగి ఇంట పుట్టాడు. కాగితాలు కుడుతూ వేలికి సూది గుచ్చుకుని, అది విషమించి తండ్రి చనిపోయేనాటికి ఈ పిల్లాడికి పన్నెండేళ్లు. కుటుంబం మాస్కో చేరి, గదులు అద్దెకిచ్చుకుని బతికింది. పద్నాలుగేళ్లకే బోల్షివిక్కుల్లో కలిశాడు, మూడుసార్లు అరెస్టయ్యాడు. బుతీర్కా జైల్లో ఒంటరి కొట్లో కూర్చుని నోటుపుస్తకం నిండా పద్యాలు రాస్తే, విడుదలయ్యేటప్పుడు కాపలావాళ్లు లాగేసుకున్నారు.

విప్లవం వచ్చాక అంతర్యుద్ధం. కాగితానికి కరువు. 1919 నుంచి రోస్తా వార్తాసంస్థ కోసం రాత్రింబవళ్లు పోస్టర్లు గీశాడు. స్టెన్సిళ్లతో నకళ్లు తీసి, సరుకు లేక బోసిపోయిన దుకాణాల అద్దాలకు అంటించేవాళ్లు. అంత పేరున్న కవి ఆ పనిని చిన్నతనంగా అనుకోకపోవడం నాకు చాలా ఇష్టం.

కానీ భిలాయిలో నిలబడి చెప్పాల్సింది 1929 నాటి కవిత గురించి. సైబీరియాలోని కుజ్‌నెత్స్క్‌లో ఉక్కు కర్మాగారం మొదలవుతోంది. మయకోవ్‌స్కీ అక్కడికి వెళ్లలేదు. చూసొచ్చిన ఖ్రెనోవ్ అనే మిత్రుడు చెప్పగా విన్నాడు. విన్నదాంట్లో ఎన్ని టన్నులు, ఎన్ని కొలుములు అన్నది పట్టుకుని కూర్చోలేదు. వానలో, బురదలో, పాత బండి కింద నక్కి, తడిసిన రొట్టె నములుతూ రాబోయే నగరం గురించి చెప్పుకుంటున్న కూలీలను పట్టుకున్నాడు. మీ తాతలు ఇక్కడ గుడారాల్లో, రేకుల షెడ్లలో గడిపిన తొలి వానాకాలాలను తలుచుకుంటే, ఆ కవిత మన ఇంటి సంగతే.

నిర్మాణాన్ని అంతగా ప్రేమించినవాడే ఆ మరుసటి ఏడాది ‘స్నానశాల’ నాటకం రంగస్థలానికి ఎక్కించాడు. అందులో ఒకడు కాలయంత్రం కనిపెడతాడు. ఫైళ్ల మీద కూర్చున్న అధికారి దానికి అడ్డుపడతాడు. చివరికి యంత్రం పనిచేసినవాళ్లను భవిష్యత్తుకు తీసుకెళ్లి, ఆ అధికారిని బయటికి విసిరేస్తుంది. విమర్శకులు విరుచుకుపడ్డారు. ఇరవయ్యేళ్ల కృషిని ప్రదర్శనగా పెడితే పెద్ద రచయితలు మొహం చాటేశారు. విద్యార్థులు మాత్రం వచ్చారు. 1930 ఏప్రిల్ 14న, ముప్పై ఆరేళ్ల వయసులో, ఆయన తనను తాను కాల్చుకున్నాడు. ప్రేమలో తగిలిన దెబ్బలూ ఉన్నాయి, ఈ ఒంటరితనమూ ఉంది. ఒక్క కారణానికి కుదించడం ఆ మనిషికి అన్యాయం.

1932లో కుజ్‌నెత్స్క్ కొలిమి ఇనుము కార్చింది. కబురు చెప్పిన ఖ్రెనోవ్ స్టాలిన్ కాలంలో కొలీమా శిబిరాల పాలయ్యాడు. 1935లో అదే స్టాలిన్ మయకోవ్‌స్కీని సోవియట్ యుగపు అత్యుత్తమ కవిగా ప్రకటించాడు. బతికుండగా ప్రశ్నించిన గొంతుకు చనిపోయాక పీఠం వేశారు.

ఇది దూరదేశపు కథ అనుకోకండి. మన కర్మాగారంలోనే పనిచేసి, ఉద్యోగం పోగొట్టుకుని, దల్లీ రాజ్‌హరా గనుల కాంట్రాక్టు కార్మికుల మధ్యకు వెళ్లిన శంకర్ గుహా నియోగి నినాదం ‘సంఘర్ష్ ఔర్ నిర్మాణ్’. కట్టడం, నిలదీయడం ఒకే మనిషి చెయ్యాల్సిన పనులని ఆయన నమ్మారు. 1991 సెప్టెంబర్ 28 తెల్లవారుజామున ఇదే భిలాయిలో, నిద్రపోతుండగా ఆయన్ని కాల్చి చంపారు. ఆయన మీద కవితలు రాస్తే మంచిదే. అంతకంటే ముందు, ఆ ‘నిర్మాణ్’కు సాక్ష్యంగా ఆ గనుల కార్మికులు తమ చందాలతో, తమ చేతులతో కట్టుకున్న షహీద్ ఆసుపత్రి ఉంది.

మీలో చాలామంది వచ్చే నెలలో పుణెకో, బెంగళూరుకో, విశాఖకో బయల్దేరతారు. ఆ లోపు ఒకరోజు దుర్గ్‌లో రైలెక్కి దల్లీ రాజ్‌హరా వెళ్లండి. మన రైలు పట్టాలకు ఇనుము ఎక్కడి నుంచి వస్తోందో, తవ్వేవాళ్లు ఎలా ఉంటున్నారో చూడండి. అక్కడివాళ్లతో కాసేపు కూర్చుని మాట్లాడి రండి.