కరిసల్ నేల నుంచి ఫ్రెంచి వీధులకు

కోవిల్‌పట్టి వాళ్లకు రెండు రోజుల విహారమంటే ముందు కుర్తాళమే గుర్తొస్తుంది. ఈసారి పుదుచ్చేరి వెళ్లి చూడండి. రైల్లో విళుప్పురం దిగితే, అక్కణ్ణుంచి బస్సులో సుమారు 40 కిలోమీటర్లు.

ఊరి నడుమ ఒక కాలువ. దానికి సముద్రం వైపు ఫ్రెంచివాళ్లు కట్టుకున్న ఇళ్లు: పసుపు గోడలు, ఎత్తైన తలుపులు, ప్రహరీ మీంచి వాలిన కాగితంపూలు. ఇవతల తమిళ వీధుల్లో అరుగుల ఇళ్లు. నన్నడిగితే అందం ఈ అరుగులదే! పార్కులోని తెల్లటి ఆయి మండపం మూడో నెపోలియన్ కాలం నాటిది. జనం నీళ్ల కోసం తన ఇల్లు పడగొట్టి చెరువు తవ్వించిందని చెప్పుకునే ఆయి అనే భోగస్త్రీ పేరు దానికి పెట్టారు.

పుదుచ్చేరితో మనకు ఒక బంధుత్వమూ ఉంది. కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసేవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ మనవాళ్లు తమిళ నేలకు వలస వచ్చిన కథను తమిళంలో నవలలుగా రాశారు. 1991లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. 2021లో పుదుచ్చేరిలోనే కన్నుమూశారు. అంత్యక్రియలు మాత్రం ఇడైసేవల్‌లోనే జరిగాయి.

తెలుగు వినిపించే ఫ్రెంచి ఊరే కావాలంటే గోదావరి ఒడ్డున యానాం ఉంది. 1954 దాకా అక్కడ ఫ్రెంచి ఏలుబడి. దూరం ఎక్కువ కాబట్టి వేసవి సెలవులకు దాచుకోండి. ఎటు వెళ్లినా మన కడలమిఠాయి పొట్లం మాత్రం మరవకండి.